మిల్‌బ్రూక్ గ్రౌండులో మిగిలినవాళ్ళు

ఆండాళ్ అడిగింది పెద్ద కోరికేమీ కాదు.

"ఆ గ్రౌండు కూలగొట్టి ఫ్లాట్లు కడ్తరంట అన్నా. ఆయన అక్కడ్నే ఉన్నడు కద! పిడికెడు మట్టి తెచ్చిపెట్టు. హెలెన్స్‌బర్గ్ ఎంకన్న గుడికి పోయి, అటెన్క సముద్రంల కలుపుత."

కేశవరావు ఫోన్ పెట్టేసి చాలాసేపు సోఫాలోంచి లేవలేదు. మూడేళ్ళుగా ఆవిడ తనని అన్నా అని పిలిచిన ప్రతిసారీ అతను మాట మార్చేస్తూనే ఉన్నాడు.

ఆండాళ్ భర్త నాగభూషణానిది వరంగల్. కేశవరావుది గుడివాడ. ముప్పై ఏళ్ళ కిందట సిడ్నీలో ఒకే రైల్వే ఆఫీసులో చేరి, ఒక వాగుకి ఈ ఒడ్డున ఒకరు, ఆ ఒడ్డున ఒకరు ఇళ్ళు తీసుకున్నారు. కేశవరావు ఒడ్డు కార్విన్, నాగభూషణం ఒడ్డు మిల్‌బ్రూక్. రెండు పేటలకీ రెండు ఫుటీ, అంటే రగ్బీ, టీములు, తాతల నాటి పగ. ఎర్ర జెర్సీ వాడు నీలం జెర్సీ వాడికి పిల్లనివ్వడని అక్కడ సామెత. ఇద్దరు తెలుగువాళ్ళూ ఎవరి పేట పగని వాళ్ళు తలకెత్తుకున్నారు. ఓడినవాడింట్లో గెలిచినవాడికి భోజనం. వడ్డిస్తున్నంతసేపూ ఎత్తిపొడుపులు. రెండిళ్ళవాళ్ళూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు.

తరవాత మిల్‌బ్రూక్ టీముని కొన్నవాళ్ళు దాన్ని ఉత్తరాన రెండువేల కిలోమీటర్ల అవతలి ఊరికి తరలిస్తున్నామన్నారు. ఆటగాళ్ళు, కప్పులు, పేరు అన్నీ పోతాయి. జనం మాత్రం ఉండిపోతారు.

సొంత గ్రౌండులో ఆఖరి ఆట కార్విన్ మీదే పడింది. రెండు నిమిషాలుందనగా మిల్‌బ్రూక్ పద్దెనిమిది, కార్విన్ పదహారు. అప్పుడు పక్క కుర్చీలోని నాగభూషణం కేశవరావు చెయ్యి పట్టుకున్నాడు.

"కేశవా, ఛాతీల పట్టేసినట్టుందిరా. బయటికి పోదాం."

"నాటకాలాపు. రెండే నిమిషాలు."

ఆ రెండు నిమిషాల్లో కార్విన్ గెలిచింది. కేశవరావు మెట్లు దూకి కంచె దాకా పరిగెత్తి చిందులేశాడు. వెనక్కి చూసేసరికి జనం తోసుకుంటూ వెళ్ళిపోతున్నారు. వీడు అలిగి పోయాడులే అనుకుని కారెక్కాడు. చీకటి పడ్డాక ఊడ్చేవాళ్ళకి కుర్చీల సందులో శవం దొరికింది. "అంతకుముందే నా పక్కనుంచి లేచెళ్ళాడు, మళ్ళీ నాకు కనిపించలేదు" అని ఆండాళ్‌తో చెప్పాడు కేశవరావు. ఎప్పుడో నాగభూషణం సరదాగా అన్న మాట పట్టుకుని, ఆవిడ ఆయన బూడిదని గోల్ స్తంభాల వెనక చల్లింది. అక్కడ అలా చల్లించుకున్నవాళ్ళు ఆ పేటలో చాలామందే ఉన్నారు.

ఈసారి మట్టి ఇచ్చేటప్పుడు నిజం చెప్పెయ్యాలని గట్టిగా అనుకుని బయల్దేరాడు.

జూలై ఆదివారం, అక్కడ చలికాలం. సాయంత్రం నాలుగున్నరకే వెలుగు సన్నగిలింది. వాగు మీంచి మంచు పాకుతోంది. తాత్కాలికపు కంచెలో సందు చూసుకుని లోపలికి దూరాడు. దీపస్తంభాలు లేవు. స్కోరుబోర్డు లేదు. గ్యాలరీలో కుర్చీలన్నీ ఎప్పుడో ఊడబెరికి పట్టుకుపోయారు. బోడి సిమెంటు మెట్లే మిగిలాయి. మోకాలెత్తు గడ్డి, తడి వాసన.

గోల్ స్తంభాలుండే చోట రెండు గుంటలున్నాయి. వాటి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, పచ్చడి సీసా మూత తీసి, తాపీతో తవ్వాడు. మట్టి వెచ్చగా ఉంది. అప్పుడే మనిషి లేచి వెళ్ళిన కుర్చీలా వెచ్చగా ఉంది.

ముందు వాసన మారింది. వేగుతున్న ఉల్లిపాయలు. నొప్పులకి రాసుకునే నూనె. ఎక్కడో బార్బెక్యూ పెట్టుకున్నారేమో అనుకున్నాడు. చుట్టుపక్కల ఇల్లన్నదే లేదు.

తరవాత చప్పుడు.

టప్.

మడత కుర్చీలోంచి మనిషి లేస్తే అది వెనక్కి కొట్టుకునే చప్పుడు.

టప్. టప్. టప్...

కేశవరావు తలెత్తాడు. గ్యాలరీ ఖాళీ. ఒక్క కుర్చీ లేదు. చప్పుడు మాత్రం ఒక కొసనుంచి ఇంకో కొసకి వానలా పాకింది. వేలమంది లేచి నిలబడ్డట్టు... నిలబడి చూస్తున్నట్టు.

సీసా నిండింది. మూత పట్టడం లేదు.

"కేశవా..."

చెవి పక్కనే. గుసగుస.

"స్కోరెంతైందిరా?"

తల తిప్పలేదు. తిప్పితే ఎవరు కనిపిస్తారో అతనికి తెలుసు. పెదవులు తడుపుకున్నాడు.

"మీరే... మీరే గెలిచార్రా. పద్దెనిమిది, పదహారు."

ఈసారి మూత పట్టింది. ఊపిరి వదిలాడు.

"మరి నువ్వెందుకు ఎగిరినవ్‌రా?"

కేశవరావు లేవబోయాడు.

"టీము పోయింది. మీవోళ్ళు ఇగ రారు. కొట్లాడనీకి మాకెవ్వరు లేరు." చల్లటి గాలి మెడకి తగిలింది. "నువ్వొక్కనివే ఉన్నవ్."

అప్పుడు గ్యాలరీ మొత్తం అరిచింది.

ఎలా బయటపడ్డాడో తెలీదు. కారు ఎడ్మండ్‌సన్ పార్క్ పేటలో ఆండాళ్ ఇప్పుడుంటున్న ఇంటి ముందు ఆగి ఉంది. సీసా ఒళ్ళో ఉంది. ఆవిడ రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది.

"నీ రుణం తీర్చుకోలేనన్నా. ఆఖరికి ఆయన పక్కన నువ్వన్న ఉండుంటే..."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

మర్నాడు డాక్టర్ శ్రీదివ్య గొంతులో లైటు వేసి చూసి, ముఖం చిట్లించింది.

"అంకుల్, ఎన్ని గంటలు అరిచారు? లోపల మొత్తం చీరుకుపోయింది."

అతను ఆ సాయంత్రం గుసగుసగా అన్నది రెండే మాటలు.

మట్టి సముద్రంలో కలిసింది. గ్రౌండు మీద ఆరంతస్తులు లేచాయి. గొంతు తిరిగి రాలేదు. కాగితం మీదైనా రాద్దామని కూర్చుంటాడు. 'చెల్లెమ్మా' అన్న మాట దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. మందులు మారుతున్నాయి. డాక్టర్లు మారుతున్నారు.

ఆదివారం సాయంత్రాలు అతని భార్య శ్యామసుందరి మనవల్ని పార్కుకి పంపించేస్తుంది. అతన్ని గదిలో పడుకోబెట్టి, తలుపు వేసి, టీవీ శబ్దం బాగా పెంచుతుంది. అయినా పక్కింటివాళ్ళు రెండుసార్లు తలుపు తట్టారు. మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడిగారు.

ఎందుకంటే, ఆ గదిలో అతని నోట్లోంచి వచ్చేది ఒక్క గొంతు కాదు.