బల్బు వెలుగులో నీలం చున్నీ

"అరే, సూట్ రంగు మారింది!"

సినిమా హాల్లో ఫణి ఉండబట్టలేక పైకే అనేశాడు. తెర మీద అంతరిక్ష నౌక పేలిపోతోంది. హీరో తలుపు తెరుచుకుని శూన్యంలోకి దూకాడు. దూకేటప్పుడు నారింజ రంగు సూట్, దూకాక ఇటుక రంగు సూట్. హాల్లో ఎవరికీ పట్టలేదు. ఫణికి మాత్రం కంట్లో నలుసు పడ్డట్టయింది.

ముందు వరుసలో ఒక జడ గిర్రున తిరిగింది.

"ఓ అన్నా! గాలే లేని కాడ ఓడ గంత చప్పుడుతోని పేలింది. అది వదిలిపెట్టి సూట్ రంగు చూస్తున్నవా?"

"చప్పుడుకేమైంది? పేలితే చప్పుడు రాదా?"

"గాలి లేకుంటే చప్పుడు ఎట్ల వినపడతది? మా ఏడో తరగతి పిల్లల్ని అడుగు, చెప్తరు."

"మరి సూట్ రంగు ఎట్ల మారింది? అది చెప్పు టీచరమ్మా."

"నేను టీచర్నని నీకెట్ల తెలుసు?"

"తిట్టే తీరు చూస్తే తెలుస్తలేదా!"

వెనక నుంచి ఎవరో "చూప్ బేసోనే, భాయ్!" అని, నోరు మూసుకోమని గుజరాతీలో కసిరారు. ఇద్దరూ ఒకేసారి నోరు మూసుకున్నారు. ఇంటర్వెల్‌లో ఒకేసారి సమోసాల దగ్గరికి వెళ్లారు.

ఆ అమ్మాయి ఇందుజ. తెలుగు ఊరి నుంచి వలస వచ్చి గోడాదరా పేటలో ఉండే మగ్గం మేస్త్రీ ముత్యం కూతురు. తెలుగు మీడియం బడిలో సైన్స్ చెబుతుంది. ఫణి తండ్రి దేవదాస్ కూడా మగ్గం పనివాడే, ఇల్లు బమ్రోలిలో. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు ఫణి. పాండేసరలో ఒక డైయింగ్ మిల్లు ల్యాబ్‌లో ఉద్యోగం. గుడ్డ కొనే పార్టీ పంపిన ముక్కనూ మిల్లులో అద్దిన గుడ్డనూ పక్కపక్కన పెట్టి, రంగు కలిసిందో లేదో చెప్పడం అతని పని.

"అందుకే సూట్ల మీద పడ్డవ్," అని నవ్వింది ఇందుజ. హాల్లో "అన్నా" అని పిలిచిందే మొదలు, అదే ఆఖరు.

మూడు నెలలు తిరక్కుండానే ఇద్దరూ కలిసి 'తప్పుల తడక' అని ఒక వీడియో ఛానల్ పెట్టారు. సైన్స్ సినిమాల్లో తప్పులు పట్టడం దాని పని. చంద్రుడి మీద నీడలు రెండు దిక్కులకు పడటం, బరువే లేని చోట హీరోయిన్ జుట్టు బుద్ధిగా భుజాల మీద వాలడం ఇందుజ లెక్క. పగిలిన హెల్మెట్ మరుక్షణం బాగైపోవడం, కుడి చేతి గడియారం ఎడమ చేతికి రావడం ఫణి లెక్క. ఇందుజ ఒక నియమం పెట్టింది. మూడుసార్లు చూడనిదే దేన్నీ తప్పు అనకూడదు.

ప్రతి ఆదివారం ఇందుజ వాళ్ల డాబా మీద రికార్డింగ్. మెట్ల మీద కూర్చుని ముత్యం వింటుండేవాడు. ఛానల్ వాట్సాప్ గ్రూపులో రెండు వందల మంది చేరారు. ఆయనా చేరాడు.

ఇందుజ పుట్టినరోజుకు ఫణి ఒక తెల్ల చున్నీ కొని, ల్యాబ్ పెద్ద పరమేశ్వర్ సార్ అనుమతి అడిగి, ల్యాబ్‌లో తానే రంగు అద్దాడు. వాన వెలిశాక మబ్బు చీలికలో కనిపించే నీలం. ఏడు సార్లు కలిపి చూస్తే గానీ కుదరలేదు.

"గీ షేడ్ లోకంల ఇంకోటి లేదు," అన్నాడు ఇస్తూ.

"గంత గ్యారంటీనా?"

"నా కండ్ల మీద ఒట్టు."

ఇష్టమన్న ముక్క మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వచ్చే వారం చెబుదామనుకున్నాడు. ఆ వచ్చే వారమే శ్రీహర్ష దిగాడు.

శ్రీహర్ష హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. కాకినాడ వైపు మనిషి. ఒక వీడియో కింద పెద్ద కామెంట్ పెట్టాడు. "ఇందుజ గారూ, అంగారకుడి మీద సాయంత్రం నీలంగా చూపించడం తప్పన్నారు. నిజానికి అక్కడి ధూళి వల్ల సూర్యుడు దిగేటప్పుడు ఆ చుట్టూ నీలంగానే ఉంటుందండీ. ఆ ఒక్క విషయంలో సినిమావాళ్లే కరెక్టు."

ఇందుజకు కోపం వస్తుందని ఫణి ఆశగా చూశాడు. ఆమె గంతేసినంత పని చేసింది.

"చూసినవా ఫణీ! నా తప్పు పట్టిండు! ఇన్ని రోజులకు ఒకరు నా తప్పు పట్టిండ్రు!"

"గందుకు గంత ఖుషీ ఏంది?"

"మరి? నేను చెప్పినదానికల్లా నువ్వు తలూపుతవ్. హర్ష గారు పుస్తకం తీసి చూసిండు."

హర్ష గారు! ఫణి చెవిలో ఆ మాటే నిలిచిపోయింది. తనను ఏడాదిగా "ఓ ఫణీ" అంటోంది. నిన్నగాక మొన్న వచ్చినవాడికి "గారు"! గౌరవం ఎక్కువైతే దూరమనుకోవాలో, దగ్గరనుకోవాలో తేల్చుకోలేక ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు.

ఆ తర్వాత శ్రీహర్ష డాబా మీదికీ వచ్చాడు. వస్తూ వస్తూ మైకు తెచ్చాడు. మైకు మంచిదే కావడం ఫణికి ఇంకా కష్టంగా ఉంది. ఇందుజ అతని మాటకు ఎన్నిసార్లు నవ్విందో లెక్కపెట్టాడు. పదకొండు. తన మాటకు నాలుగు, అందులో ఒకటి తనను చూసి నవ్వింది.

ఒక శనివారం ఇందుజ ఫోన్ చేసింది.

"రేపు రికార్డింగ్ వద్దు ఫణీ. స్కూల్ల పనుంది."

"ఆదివారం స్కూలా?"

"ఉంటది మాకు. అవ్ గని, రేపు నీకు డ్యూటీ ఉందా?"

"అర్జెంట్ గుడ్డల లాట్ ఉందని సార్ రమ్మన్నడు. నువ్వు వద్దంటే పోత."

"పో పో. మంచిగ పో," అంది సంబరంగా.

తను లేకపోతే ఆమెకింత సంబరమెందుకో అర్థంకాక, ఫణి ఆదివారమంతా ల్యాబ్‌లో మాడిన మొహంతో పనిచేశాడు.

ఏడింటికి ఇంటికొచ్చాడు. పండక్కి తప్ప పై అర దిగని స్టీలు గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. ఏళ్ల తరబడి వంకరగా వేలాడే తాత ఫొటో నిటారుగా ఉంది. దేవదాస్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడప దగ్గర ఊరకే నవ్వుకుంటున్నాడు.

"బిడ్డా, మిఠాయి తింటవా?" అంది తల్లి లలితమ్మ.

"వద్దమ్మా."

అప్పుడే ఫోన్ మోగింది. గ్రూపులో శ్రీహర్ష పెట్టిన ఫొటో. డుమస్ బీచ్ దగ్గర ఒక హోటలు, బల్లమీద టమాటా భజియాల ప్లేటు, కింద "ఈరోజు స్పెషల్ గెస్ట్‌తో" అని రాసి ఉంది. మనిషి కనబడటం లేదు. కుర్చీ మీద మాత్రం నీలం చున్నీ ఒకటి వేలాడుతోంది.

ఆ నీలం!

ఫణి ఫొటోను పెద్దది చేసి చూశాడు. ఇంకా పెద్దది చేశాడు. లోకంలో ఇంకోటి లేని నీలం. ఇంకేం ఆలోచించకుండా గ్రూపులో రాసేశాడు: "ఈ వారం కంటిన్యుటీ మిస్టేక్. స్కూల్లో ఉండాల్సిన చున్నీ డుమస్ కుర్చీ మీదికి ఎట్ల వచ్చింది?"

ఎవరో నవ్వుల బొమ్మలు పెట్టారు. ఎవరో "ఎవరిది భాయ్?" అన్నారు. ఇందుజ చదివినట్టు ఫోన్లో చూపించింది. చాలాసేపటికి ఒక్క ముక్క వచ్చింది.

"రేపు ఐదింటికి మీ మిల్లు ఎదురుంగ చాయ్ దుకాణంకి రా."

సోమవారం ల్యాబ్‌లో ఫణి మనసు మనసులో లేదు. బల్లమీది దీపం కింద రెండు గుడ్డలు చూసి 'పాస్' ముద్ర ఎత్తాడు. పరమేశ్వర్ సార్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందిరా ఇది? పగటి వెలుగు లైట్ బాక్స్ల పెట్టినవా?"

"చూసిన సార్. కలిసింది."

"పసుపు బల్బు కింద కలిసింది. పగటి వెలుగుల కలిసిందా? నీ లెక్క చూస్తే లాట్ లాటే వాపస్ వస్తది. కొత్తగ వచ్చినోనికి గూడ తెలుసు గీ ముచ్చట!"

ఫణి చేతిలో ముద్ర అలాగే ఉండిపోయింది. వేర్వేరు రంగులతో అద్దిన రెండు గుడ్డలు పసుపు బల్బు కింద ఒకటిగా కనిపించి, పగటి వెలుగులో విడిపోవడం అతను నెలకు నాలుగుసార్లు చూసేదే. డుమస్ హోటల్లో ఏ బల్బు ఉంది? పైగా తను చూసింది ఫోన్లో.



ఐదింటికి వాన అప్పుడే వెలిసింది. చాయ్ దుకాణం లోపల పగలే చీకటి. పసుపు బల్బు వెలుగుతోంది. దాని కింద బెంచీ మీద ఇందుజ, ఎదురుగా శ్రీహర్ష, అతని పక్కన తెలియని అమ్మాయి. ఆ అమ్మాయి భుజం మీద నీలం చున్నీ.

"ఈవిడ మనోజ్ఞ అండి," శ్రీహర్ష లేచి నిలబడ్డాడు. "నాకు కాబోయే ఆవిడ. వడోదరలో బ్యాంకు ఉద్యోగం. నిన్నటి స్పెషల్ గెస్టు ఈవిడే. రాత్రి నుంచి గ్రూపులో అందరూ నన్ను ఒకటే ప్రశ్న, ఆ చున్నీ ఎవరిదని!"

"నాదేనా అని నాకే డౌట్ వచ్చేసిందండీ," అంది మనోజ్ఞ.

ఇందుజ నవ్వలేదు. సంచిలోంచి తన చున్నీ తీసి, మనోజ్ఞ తీసిచ్చిన చున్నీ పక్కన పరిచింది.

"చూడుండ్రి సార్. పాసా, ఫెయిలా?"

బల్బు కింద రెండూ ఒకటే నీలం. ఇందుజ రెండు చున్నీలూ పట్టుకుని దుకాణం బయటికి నడిచింది. మబ్బు పట్టిన ఆకాశం కింద ఎత్తి చూపింది. ఒకటి వాన వెలిశాక కనిపించే నీలం. రెండోది నెమలి మెడ పచ్చ.

"ఫెయిల్," అన్నాడు ఫణి. "చున్నీ కాదు, నేను."

"మూడుసార్లు చూసినంకనే తప్పనాలె అని ఎవరన్నరు?"

"నువ్వే."

"సినిమాకు మూడుసార్లు. నాకు ఒక్కసారే. గదీ ఫోన్ల."

"తప్పయింది ఇందుజా."

"ఆదివారం యాడున్నవని అడగవా? రెండొందల మంది ముందట అడిగినవ్ కద."

"వద్దు. నాకు అడిగే మొఖం లేదు."

"నేను చెప్త. గీ చున్నీ మీ ఇంట్లనే ఉండె. మీ అమ్మ పక్కన, వంటింట్ల."

"మా ఇంట్లనా?" అన్నాడు ఫణి.

"మా బాపు మన పెండ్లి మాట ముచ్చటకు మీ ఇంటికి వచ్చిండు. పిల్ల పోవద్దంటరు. నేను ఆగలేక పోయిన. పెద్దోళ్లు ఒక మాటకు వచ్చేదాక నీకు చెప్పొద్దన్నడు. గందుకే స్కూలన్న. మీ నాయిన మిఠాయి తెప్పిచ్చిండు. మీ అమ్మ పై అర మీది గ్లాసులు దించింది. తాత ఫొటో వంకరుంటే నేనే సక్కగ పెట్టిన."

గ్లాసులు. ఫొటో. ఇస్త్రీ చొక్కా. అన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా ఫణి కళ్ల ముందు తిరిగాయి.

"సినిమాల గడియారం చెయ్యి మారితే పట్టేటోనివి, ఇంట్ల గిన్ని మారితే ఒక్కటి కనబడలేదా?" అంది ఇందుజ. "మా బాపు ఆ గ్రూపుల ఉన్నడు ఫణీ. నువ్వు రాసింది చదివిచ్చుకున్నడు. ఫోన్ బోర్లేసి లూమ్ మీదికి పోయిండు. పొద్దుగాల ఒక్కటే మాటన్నడు. అనుమానపడే ఇంటికి పిల్లనెట్ల ఇయ్యాలె అని."

రోడ్డు మీద సైకిళ్ల గంటలు. ఫణి శ్రీహర్ష వైపు తిరిగాడు. ఈ నెలలో మొదటిసారి అతన్ని కోపం లేకుండా చూశాడు.

"హర్ష గారూ, జర ఫోన్ పట్టుకుంటరా? వీడియో తియ్యాలె."

"తప్పకుండానండి!"

ఫణి రెండు చున్నీలూ తీసుకున్నాడు. ముందు బల్బు కింద, తర్వాత మబ్బు వెలుగులో చూపించాడు.

"నమస్తే. తప్పుల తడకల ఈ వారం తప్పు సినిమాది కాదు, నాది. రంగులు చూసుడే నా కొలువు. బల్బు కింద రంగు చూడొద్దని నాకు తెలుసు. అయినా చూసిన, ఒక మంచి మనిషి మీద రాసిన. ఎందుకంటే కుళ్లు. హర్ష గారి మీద కుళ్లు. ఇందుజ అంటే నాకు ఇష్టం. ఏడాదిగ చెప్పలే. చెప్పనోనికి అడిగే హక్కు యాడిది? ముత్యం మామా, మీరు గిది చూస్తే, నేను తప్పు చేసిన. మాఫ్ చెయ్యిండ్రి."

శ్రీహర్ష ఫోన్ దించలేదు. మనోజ్ఞ ముక్కు తుడుచుకుంది. ఇందుజ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇష్టం అన్నది కట్ చెయ్యాల్నా?" అని అడిగాడు ఫణి భయంగా.

"ముట్టుకుంటే చూడు," అంది ఇందుజ.

వీడియో గ్రూపులో పడింది. నలుగురూ చాయ్ తాగారు. ఇంకోసారి తాగారు. మళ్లీ చినుకులు మొదలయ్యేవేళకు ఇందుజ ఫోన్ కూసింది. ముత్యానికి టైపు రాదు. గొంతే పంపాడు. వెనక మగ్గాలు టకటకమంటున్నాయి.

"పిల్లగా, నాకు సైన్స్ తెల్వది. ముప్పై ఏండ్లు నూలు పట్టిన, రంగు తెలుసు. నువ్వు రాసింది చూసి పానం గలీజ్ అయింది. తప్పు చేసినోడు దాసుకుంటడు. నువ్వు అందరికీ సూపిచ్చినవ్. సరే. ఆదివారం మీ అమ్మానాయినల తోల్కొని మా ఇంటికి రా. వెలుతురుండంగనే రా. దీపాలు పెట్టినంక రాకు."

ఫణి ఆ మాటలు మళ్లీ విన్నాడు. మూడోసారి కూడా విన్నాక గానీ నమ్మలేదు. చూరు కింద నిలబడి, చున్నీ తల మీద కప్పుకుంటున్న ఇందుజను చూస్తూ సంబరంగా అడిగాడు.

"ఆదివారం గీ చున్నీ ఏసుకోని వస్తవా?"

"యాడికి?"

"మీ ఇంటికి."

ఇందుజ పెదాలు బిగబట్టి, నవ్వు ఆపుకుని, వేలు చూపించింది.

"మా ఇంటికి నేను వచ్చుడేంది? ఆడనే ఉంట కద! గిది రెండో మిస్టేక్ ఫణీ. రాసిపెట్టుకుంట."