నాలుగో గడిలో గొంతు

"నా పెట్టెల జోలికి రాకండి," అంది ఆమె, అతను గుమ్మం దాటకముందే.

బల్ల మీద నాలుగు రేడియో స్కానర్లు గుయ్యిమంటున్నాయి. పడవలకొకటి, అంబులెన్సులకొకటి, ఫైరింజన్లకొకటి, మరమ్మతు సిబ్బంది వాకీటాకీలకొకటి. అవి విని, ఎక్కడ ఆపదంటే అక్కడికి ఫోన్ చేసి మనుషుల్ని పంపించడం ఆమె ఉద్యోగం.

"నాలుగూ ఒకే కంప్యూటర్‌కి కలిపేస్తానండీ. ఒకచోట కూర్చుని వినొచ్చు."

"నాకున్నవి రెండే చెవులు."

"నాకూ అంతేనండీ. మిగతా రెండూ కంప్యూటర్‌కి పెడతాను."

వచ్చిన నవ్వును ఆమె మింగేసింది.

మొదటి వారంలోనే తెర మీద నాలుగు గడులు వెలిశాయి. ఏ పెట్టె మోగితే ఆ గడి వెలుగుతుంది. నాలుగో గడిలో, మరమ్మతు సిబ్బంది మాటల మధ్య, అప్పుడప్పుడు అతని గొంతు కూడా వినబడేది. పని లేని రోజు కూడా వైరు వదులైందేమో చూస్తానంటూ రెండు కప్పుల టీతో వచ్చేవాడు. ఆమె అతనికి వైర్లబ్బాయి అని పేరు పెట్టింది. ఇంతకీ వచ్చేది వైర్ల కోసమా, తన కోసమా? అడిగితే నవ్వులపాలు, అడక్కపోతే నిద్ర కరువు.

శుక్రవారం మధ్యాహ్నం, బయట వాన. నాలుగో గడి వెలిగింది. గరగరల మధ్య మగగొంతు.

"రేపటితో ఇక్కడ నా పని సరి. తనకి చెప్పలేదు. చెప్తే ఏడుస్తుంది. చెప్పకుండానే వెళ్ళిపోతా."

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. చిన్నప్పుడు నాన్న కూడా ఇంతే. నిద్రపోతున్న పిల్లను లేపడం ఎందుకని చెప్పకుండా వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

స్కానర్ దగ్గరికి వంగి అరిచేసింది. "ఏడిస్తే ఏడుస్తాను! మీకేం పోయింది? మూడు వారాలు టీ తాగించి, చెప్పకుండా పోతారా? వెళ్ళేవాళ్ళు చెప్పి వెళ్ళాలి!"

"ఎవరితోనండీ?"

గుమ్మంలో వైర్లబ్బాయి. తడిసిన జుట్టు, చేతిలో రెండు కప్పులు.

"మీరు... ఇప్పుడే నాలుగో గడిలో..."

"నా వాకీటాకీ పొద్దున్నుంచీ చార్జింగ్‌లోనే ఉందండీ." అతను బల్ల వెనక్కి తొంగిచూశాడు. "ఇవాళ దుమ్ము దులిపారా?"

"దులిపాను. వైర్లు తీసి మళ్ళీ పెట్టాను."

"ఏ వైరు కంప్యూటర్ వెనక ఏ పోర్టులో గుచ్చారు?"

"ఏది ఖాళీగా ఉంటే దాంట్లో."

అతను తల పట్టుకున్నాడు. "కంప్యూటర్‌కి అది ఏ పెట్టెదో తెలీదండీ, పోర్టునే చూస్తుంది. పడవల వైరు నాలుగో దాంట్లో గుచ్చారు. మాట్లాడింది ఎవరో పడవాయన."

"అయ్యో! అక్కడ పడవ మునిగితే ఇక్కడ మరమ్మతు వాళ్ళని పంపేదాన్నా?"

ఇద్దరూ గబగబా వైర్లు మార్చారు. ఒక్కోదానికీ చీటీ అంటించారు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. చెవులు కందిపోయాయి.

"ఇప్పుడు కంప్యూటర్‌కి కలిపారుగా, నా అరుపులు పడవలన్నీ విన్నాయా?"

"దేనికి కలిపినా స్కానర్‌కి వినడమే గానీ మాట్లాడడం రాదండీ. ఈ గదిలో అలాంటివి ఐదు. నాలుగు పెట్టెలు, ఒకడు నేను." అతను నేల చూపులు చూశాడు. "నా పని కూడా నిజంగానే రేపటితో అయిపోతుంది. ఎలా చెప్పాలో తెలీక టీలు తెచ్చాను. మీరంటే నాకు... ఇది కూడా మీరే అరిచి చెప్పకూడదూ?"

ఆమె నోరు తెరిచేలోగా మొదటి గడి వెలిగింది. అదే మగగొంతు.

"ఉండబట్టలేక మా ఆవిడకి చెప్పేశానయ్యా! ఏడవలేదు. సంచి సర్దేసుకుంది, తనూ వస్తుందట!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

వాన తగ్గాక అతను లేచాడు. "వెళ్తానండీ."

"ఏమన్నారు?"

"వెళ్ళొస్తానండీ."

"ఊఁ. రేపటి తర్వాత వైర్ల పని లేదుగా, ఏమని వస్తారు?"

"నా కప్పులున్నాయిగా."

ఆమె రెండు కప్పులూ సొరుగులో పెట్టి తాళం వేసింది.