రంగు కడగని రాజు

“తెర లేపండి! ఇంకా ఎంతసేపు?”

గల్లీ చివర్నుంచి గా కేక ఇనంగనే మట్టయ్య భుజం మీది నీళ్ళ క్యాను జారి కింద పడ్డది. గొంతు ఆడమనిషిది... గద్దింపు మాత్రం రాజుది!

చైతన్యపురి మెట్రో వెనుక అన్నీ హాస్టళ్ళే. చీమకు గూడ కిరాయి గది దొరకదు. గంత ఇరుకుల గా ఒక్క ఇల్లు మాత్రం మూడేండ్ల సంది ఖాళీ. అమావాస్య నాడు పొద్దుగూకితే చాలు — కిటికీల మీసాలున్న మనిషి, కిరీటం పెట్టుకొని నిలవడ్తడట. నోరు తెరిస్తే ఆడగొంతుతోని పద్యమట! కోచింగ్ పిల్లలు ఆ ఇంటి ముంగట చెప్పులు చేతుల పట్టుకొని ఉరుకుతరు.

నేను కండ్ల జూసింది కాదు. హాస్టళ్ళకు నీళ్ళు ఏసే మట్టయ్య చెప్పిండు. మట్టయ్య అబద్ధమాడితే ఆయనకే నవ్వొస్తది. గీ ముచ్చట చెప్పేటప్పుడు ఒక్కసారి గూడ నవ్వలే.

ఆ ఇల్లు ఎవరిదో మా ఈడోళ్ళకు ఎరుకే. నాటకాల సంధ్యారాణిది. కోస్తా దిక్కుకెళ్ళి ఒచ్చిన నాటక సమాజం ఆమెది. తొమ్మిదేండ్లకే ముఖానికి రంగేసుకున్నది, పద్దెనిమిదేండ్లకు రాణి వేషం. ఒకనాడు రాజు వేషగాడు అలిగి బస్సెక్కి పోతే, ఆమెనే మీసం అంటించుకొని గద్దెనెక్కింది — ఇగ ముప్పై ఏండ్లు దిగలే! ఆమె రాగం తీస్తే మా నల్లగొండ పల్లెలల్ల “వన్స్ మోర్” అని తెల్లారేదాక ఒర్రేటోళ్ళం. పక్కన హార్మోనియం ఆమె పెనిమిటి బాపిరాజు.

ఆఖరి నాటకం ఎల్బీ నగర్ల, ఫంక్షన్ హాల్ల. పద్యం సగంల ఉండంగ బాపిరాజు హార్మోనియం పెట్టె మీదనే ఒరిగిండు... మళ్ళ లేవలే. పద్యం ఆగింది. నాటకం ఆగింది. ఇంటికి తాళం పడ్డది.

ఇప్పుడు ఆ ఇంట్లకెళ్ళే రాగం లేస్తున్నది. లేసి... లేసి... సగంల తెగుతున్నది. మళ్ళ మొదటికి.

మట్టయ్య ఉరుకుదామనే అనుకున్నడు. కానీ రాగం నాలుగోసారి బొంగురు పోయింది. “దెయ్యానికి గొంతు ఆరుతదా?” అనుకున్నడు. గేటు నెట్టిండు.

లోపల చీకటి. ఒక్క దీపం. దీపం ఎనుక... కిరీటం. మీసం. చేతుల కట్టె కత్తి.

“ఎవరక్కడ?”

పడుచుతనంల మట్టయ్య చౌటుప్పల్ దిక్కు నాటకాలల్ల బంటు వేషం కట్టినోడు. గా కేకకు మోకాళ్ళు వాటంతటవే వంగినయ్.

“బంటును, ప్రభూ!”

కత్తి దిగింది. “వచ్చావా? సమాజం వాళ్ళంతా ఏరి?”

చీకట్ల ఎవరో మట్టయ్య చెయ్యి పట్టుకున్నరు. పాణం పోయినంత పనైంది!

“భయపడకు అన్నా,” గుసగుసగ ఏడుస్తున్నది ఒకామె. “నేను అరుణజ్యోతిని, బిడ్డను. అమ్మ సైదాబాద్‌ల నా కాడనే ఉంటది. అమావాస్యకు నాన్న పోయిండు గదా... ప్రతి అమావాస్యకు ఈడికే తోలుకపొమ్మంటది. ఎవరన్న జూస్తే పిచ్చిదంటరని లైట్లు ఎయ్యను.”

“మరి గట్ల పుల్లోలె బక్కగయ్యిందేంది?”

“ఎప్పుడూ తెల్లారి పాలు తాగేది. ఈసారి రెండు దినాలాయె, నీళ్ళు గూడ ముట్టలే. మంగళం పాడనిదే నాటకం అయిపోనట్టంట. నాటకం అయిపోనిదే రంగు కడగొద్దంట. రంగు కడగనిదే ముద్ద ముట్టొద్దంట. నేను పాడితే వద్దన్నది — సమాజపోళ్ళే పాడాల్నట. పాణం రేపటిదాక ఆగదంటుండు డాక్టరు... జర పాడన్నా!”

నలభై ఏండ్లాయె మట్టయ్య మంగళం పాడక. గొంతు సవరించుకున్నడు. మొదటి మాటే తప్పు శ్రుతిల పడ్డది...

ఎనుకనుంచి హార్మోనియం మెల్లగ లేసింది. తప్పిన గొంతును చెయ్యి పట్టి నడిపించినట్టు — ఒక్కో మెట్టు, ఒక్కో మెట్టు... ఇగ మట్టయ్య పాడిండు సూడుండ్రి! సంధ్యారాణి కండ్లు మూసుకొని తాళమేసింది. ఆఖరి మాట ఆగినంక కూడ పెట్టె ఒక్క క్షణం మోగి, ఆగింది.

ఆమె రెండు చేతులెత్తి చీకటికి దండం పెట్టింది. మీసం పీకింది. తానే లేచి ముఖం కడుక్కున్నది. రంగు ఎనుక ఎవరున్నరు? బక్కగైన ముసలమ్మ.

“ఆకలేస్తోందే అమ్మాయ్.”

అరుణజ్యోతి ఏడుసుకుంటనే లైటేసి, చాప పరిసి, పప్పూ అన్నం తెచ్చింది. “నువ్వూ తిను అన్నా” అని మట్టయ్యను కూసోవెట్టింది.

మట్టయ్యకు సంబురమైంది. “నేనేం పాడిన చెల్లే! హార్మోనియం నువ్వు వాయించకపోతే ఇజ్జత్ పోతుండె.”

ఆమె చేతిల గంటె ఆగింది.

“నేనా? నాకేడ ఒస్తది? నీ ఫోన్ల పెట్టినవనుకున్న...”

“నా ఫోను గేటు కాడ బండిల ఉన్నది!”

ఇద్దరూ గదిల నాలుగు మూలలు జూసిండ్రు. పెట్టె లేదు. అది బాపిరాజుతోనే కట్టెల మీదికి పోయిందట.

సంధ్యారాణికి ఇవేం పట్టలే. చాప మీద తన పక్క జాగను కొంగుతోని తుడిసింది.

“కాస్త జరుగు నాయనా. మూడేళ్ళైంది ఆయన తిని.”

మట్టయ్య జరిగిండు. గప్పుడు అందరూ తిన్నరు.