యాభై ఒక్క ఒకట్లు

"రేపు పొద్దున్న భీమేశ్వరస్వామి గుళ్లో కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యాలటండి. లేకపోతే పుట్టింటికి పొమ్మన్నారు మా బావగారు" అంది లక్ష్మీప్రసన్న. కుర్చీ అంచున కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"దొంగతనం చెయ్యలేదుగా, చేసేయండి" అంది కాకినాడ ప్రైవేట్ డిటెక్టివ్ అమ్మణ్ణి.

"ప్రమాణం చేసిన కోడల్ని ఊరు ఎలా చూస్తుందో మీకు తెలీదాండీ?"

అమ్మణ్ణి తల ఊపింది. మనిషిని ఒక్క మాటతో గిల్లి నిజం రాబట్టడం ఆవిడ పద్ధతని అసిస్టెంటు హరిబాబు మురిసిపోయాడు.

పోయింది వెండీ కాదు, బంగారమూ కాదు. ద్రాక్షారామంలో కిరాణా వ్యాపారం చేసే సురేష్‌బాబు ఇంట్లో పూజగదిలోని రాగిరేకు. దాని మీద యాభై ఒక్క ఒకట్లు వరసగా చెక్కి ఉంటాయి. ఆ మహాసంఖ్యని ఏ సంఖ్యా భాగించలేదనీ, అది ఉన్నంతకాలం అన్నదమ్ములు విడిపోరనీ అంకెల గురువు బంగార్రాజు చెప్పాడు. వేరుపడాలనే మరదలు లక్ష్మీప్రసన్న దాన్ని మాయం చేసిందని కూడా ఆయనే తేల్చాడు.

వీళ్లు ఆ ఇంటికి వెళ్లేసరికి గురువుగారు జీడిపప్పు ఉప్మా ముగించి, సంచిలోంచి సున్నం డబ్బా తీస్తున్నాడు. మూత సరిగ్గా పట్టలేదు. తెల్లటి సంచి లోపల ఎర్రటి మరక.

"సంచికేమైందండీ?" అంది అమ్మణ్ణి.

"తాంబూలం మరకమ్మా."

ఆవిడ సురేష్‌బాబు వైపు తిరిగింది. "రేకు ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న శుక్రవారం కదండీ. మా ఆవిడ తడిపసుపు దట్టంగా పూసింది. గురువుగారు ఒంటరిగా ధూపం వేసి వెళ్లారు. సాయంత్రానికి లేదు."

"వెండి కుందులు?"

"ఉన్నాయండి."

"మీరేమంటారు, రాజ్ కుమార్ గారూ?" లక్ష్మీప్రసన్న భర్త అన్నగారి మొహం చూసి నేల చూశాడు. హరిబాబుకి ఒళ్లు మండింది.

అమ్మణ్ణి అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది. "అమ్మాయ్, నిన్న ధూపానికి ముందు గురువుగారితో ఏమన్నావో, దారిలో నాకు చెప్పినట్టే చెప్పు."

"ఒకట్లని మూడేసి చొప్పున విడదీస్తే పదిహేడు నూట పదకొండ్లు వస్తాయన్నానండి. నూట పదకొండు మూడుతో శేషం లేకుండా పోతుంది. అందుకని మొత్తం సంఖ్యా పోతుందన్నాను. ఎవరికీ చెప్పొద్దు, నేనే సరిచేస్తానన్నారు."

"విన్నారా? తన మాటకి రుజువు ఆ రేకే. దాన్ని ఈ పిల్ల ఎందుకు దాస్తుంది? ఈయన ఎన్ని ఇళ్లలో ఇదే సంఖ్య పెట్టాడో! రేకు మాయమైతేనే ఈయన పరువు నిలుస్తుంది. హరిబాబూ, పూజగదిలోంచి నిమ్మకాయ పట్రా."

ఆవిడ సంచి లాక్కుని మరక మీద నిమ్మరసం పిండింది. ఎరుపు కరిగి పచ్చగా తేలింది. రేకు మూల ఆకారం స్పష్టంగా కనిపించింది.

"తాంబూలమైతే పసుపుపచ్చ అవ్వదండీ. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. పారాణి కలిపే ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. పసుపు పూసిన రేకు, కారే సున్నం డబ్బా, ఒకే సంచి. ఎక్కడ పడేశావయ్యా?"

"కాలవలోనండి" అన్నాడు బంగార్రాజు.

సురేష్‌బాబు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా ప్రసన్నా, ప్రమాణం వద్దులే. ఏదో పొరపాటు." వెంటనే అమ్మణ్ణి వైపు ఆశగా చూశాడు. "పోనీ, నిజంగా దేంతోనూ పోని నెంబరేదైనా ఉందాండీ?"

"బోలెడున్నాయి. ఏది చెక్కించినా తలకి మాత్రం ఎక్కదు."

లక్ష్మీప్రసన్న లేచి భర్త ఎదురుగా నిలబడింది. "ఏవండీ, వేరుపడదామని నేనెప్పుడైనా అన్నానా?"

రాజ్ కుమార్ తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడంటున్నాను."