అమ్మ ఉండేది

సెలవు రోజు కావడంతో ఆ ఇల్లు తాపీగా నిద్ర లేచింది. తండ్రి బస్సు డ్యూటీకి చీకటితోనే వెళ్లిపోయాడు. కిటికీ పక్క కుర్చీలో నానమ్మ టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటోంది. తల్లి బల్ల మీద దుప్పటి పరిచి చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. పదో తరగతి చదువుతున్న కూతురు గది ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ ఫ్రెంచి భూతకాల క్రియారూపాలు వల్లె వేస్తోంది. వాగుడు ఎక్కువని చిన్నప్పుడే ఆ పిల్లకు పిచ్చుక అని పేరు పడింది.

"మళ్లీ తప్పావు," అంది తల్లి. "'మేము' రూపం తీసుకోమంది కదా మీ మేడమ్? నూ పార్లోఁ, మేము మాట్లాడతాం. చివరి 'ఓఁ' కోసెయ్. మిగిలినదానికి కొత్త తోక తగిలించు. జ పార్లే."

ముఖంలో కుడి సగం చచ్చుబడిన ఆమెకు పెదవులు సరిగా కలవవు. ప, బ, మ అక్షరాలు నోట్లోనే జారిపోతాయి. అందుకే 'పార్లే' కాస్తా 'ఫాల్లే' అయింది.

"నువ్వు చెప్పకమ్మా! నా ఉచ్చారణ కూడా పాడవుతుంది," అంది పిచ్చుక విసుగ్గా.

తల్లి నవ్వబోయింది. ఆ నవ్వు ఎడమ పక్కకే వచ్చింది. "సరేలే. తెలుగులో చెబుతా విను. 'పాడింది' అంటే ఒకసారి పాడి ఊరుకుంది. 'పాడేది' అంటే రోజూ పాడేది. నీ ఇంపర్‌ఫెక్ట్ ఆ రెండోదే కదూ?"

"అంతే. 'ఉండు' క్రియ ఒక్కటే దారికి రాదు. దానికి 'మేము' రూపంలో ఆ 'ఓఁ' ఉండదు. జెతే, ఎల్ ఎతే. ఉండేదాన్ని, ఉండేది. అన్నీ ఒక దారి, అదొక దారి."

"ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటుంటుందిలే," అంది నానమ్మ గ్లాసు వెనక నుంచి. "ఈ ఇంట్లో నీలాగ."

తల్లీ కూతుళ్లు నవ్వారు. పిచ్చుక నవ్వు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. 'ఎల్ ఎతే' అన్నప్పుడల్లా ఈ మధ్య అది అమ్మ ముఖం చూడలేకపోతోంది.

తల్లి ఒకప్పుడు రైల్వే స్టేషన్‌లో ప్రకటనలు చెప్పేది. ఆ గొంతు వింటే ఆలస్యంగా వచ్చే రైలు మీద కూడా కోపం రాదనేవారు ప్రయాణికులు. రెండేళ్ల కిందట ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే నోట్లోని నీళ్లు ఒక పక్క నుంచి కారిపోయాయి. వైద్యులు మందులిచ్చారు, వ్యాయామాలు చెప్పారు. కొంత నయమైంది గానీ గొంతు పాతదారికి రాలేదు. అప్పటి నుంచి ఆమె అదే స్టేషన్‌లో, జనం మరిచిపోయిన సామాన్లు భద్రపరిచే గదిలో పనిచేస్తోంది.

జబ్బు చేసిన ఏడాది ఒకసారి ఆమె బడికి వచ్చి గేటు దగ్గర కూతుర్ని పిలిచింది. ఆ పిలుపును పై క్లాసువాడొకడు మూతి వంకరగా పెట్టి వెక్కిరించాడు. వాడి జతగాళ్లు నవ్వారు. పిచ్చుక వాణ్ని ఏమీ అనలేదు. అమ్మను తెలియనట్టే తల వంచుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత తల్లిదండ్రుల సమావేశాల సంగతి ఇంట్లో చెప్పడమే మానేసింది.

పోయిన వారం ఫ్రెంచి మేడమ్ 'నా చిన్నప్పటి మనిషి' అన్న విషయం మీద ఇంపర్‌ఫెక్ట్‌లో రాసి చదవమంది. పిచ్చుక అమ్మ గురించి రాసింది. అమ్మ ఉండేది, అమ్మ పాడేది, అమ్మ నవ్వేది, అమ్మ గొంతు విని రైళ్లు ఆగేవి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. చదవడం పూర్తయ్యేసరికి మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మరి ఇప్పుడు?" అని మెల్లగా అడిగింది. 'ఇప్పుడు ఇంట్లో ఉంది' అంటే సరిపోయేది. పిచ్చుక తల దించుకుంది. మేడమ్ వచ్చి తల మీద చెయ్యి వేసింది. తోటి పిల్లలు ఆ రోజంతా దాన్ని పువ్వులా చూసుకున్నారు. ఆ జాలి తియ్యగా ఉంది. తియ్యగా ఉందని తెలిసేసరికి వెక్కసమూ అయింది. కానీ నిజం చెప్పలేకపోయింది; నోరు దాటని మాట రోజులు గడిచేకొద్దీ బరువెక్కుతుంది.

తలుపు చప్పుడైంది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి తల్లి వెళ్లి తీసింది.

గుమ్మంలో ఫ్రెంచి మేడమ్! చేతిలో పళ్ల సంచి. పిచ్చుక నానమ్మ కుర్చీ పక్కకు జరిగింది.

"నమస్కారమండీ. నేను అమ్మాయికి ఫ్రెంచి చెబుతాను. రెండు వీధుల అవతలే ఉంటాను," అంది మేడమ్. "వాళ్ల నాన్నగారు ఉన్నారా?"

"డ్యూటీకి వెళ్లారండీ. లోపలికి రండి."

మేడమ్ ఆమె ముఖంలోకి ఒక క్షణం చూసి, మర్యాదగా చూపు తిప్పుకుంది. "మీరు... అమ్మాయికి పిన్నిగారా? పోన్లెండి, ఇంట్లో ఒక ఆడదిక్కు ఉంది. తల్లి లేని పిల్ల అంత బాగా రాస్తుందని నేను అనుకోలేదు. వాళ్లమ్మ గురించి రాసింది చదువుతుంటే క్లాసంతా ఏడ్చారండీ. స్కూలు వార్షికోత్సవంలో స్టేజీ మీద చదివిద్దామని వాళ్ల నాన్నగారి అనుమతి కోసం వచ్చాను."

తల్లి నెమ్మదిగా వెనక్కి తిరిగి కూతుర్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉండి ఉంటే పిచ్చుక తట్టుకునేది.

"అవునండీ," అంది తల్లి. "పిన్నినే. వాళ్ల నాన్న రాగానే చెబుతాను."

మేడమ్ పళ్లు బల్ల మీద పెట్టి, పిచ్చుక బుగ్గ తట్టి వెళ్లిపోయింది.

తలుపు మూసుకుందో లేదో నానమ్మ లేచి నిలబడింది. "నా చెవులు పాతవే గానీ చెవుడు లేదు. ఏమే, బతికున్న తల్లిని చంపేసి ఊళ్లో చప్పట్లు కొట్టించుకున్నావా?"

"నేను చచ్చిపోయిందని చెప్పలేదు నానమ్మా! ఉండేది అని రాశానంతే..."

"ఉండేది అని ఎవర్నంటారే? పోయినవాళ్లని!"

"అత్తయ్యా, వదిలెయ్యండి," అంది తల్లి.

"ఎలా వదిలెయ్యమంటావమ్మాయ్? ఆ నోటితో మెతుకు దిగని రోజుల్లో కూడా దీనికి జడ వేసి బడికి పంపావు. దానికి నువ్వు పిన్నివా?"

"పదిమందిలో పిల్ల తలవంపులు పడకూడదని అన్నాను. అంతే." తల్లి మళ్లీ ఇస్త్రీ పెట్టె అందుకుంది. మడత పడిన కాలర్ మీదే పెట్టె నడిపింది. "నా వల్ల దానికి సిగ్గయితే ఆ సిగ్గు నాకు తెలియనిదా? అద్దంలో నేనూ చూసుకుంటాను కదా. దాన్ని చదవనివ్వండి. నేను వార్షికోత్సవానికి రానులే."

పిచ్చుకకు భూమి చీలితే బాగుండుననిపించింది. అమ్మ తిట్టలేదు. కూతురు చెప్పిన అబద్ధాన్ని నెత్తికెత్తుకుని, దానికి తానే కాపలా కాస్తోంది. గేటు దగ్గర తల వంచుకున్న రోజు గుర్తొచ్చింది. ఆ రోజు వెక్కిరించినవాడు పరాయివాడు. ఈ రోజు ఈ పని చేసింది తను.

పిచ్చుక వెళ్లి ఇస్త్రీ పెట్టె ప్లగ్ పీకేసింది. "అమ్మా, చెప్పులేసుకో."

"ఎక్కడికే?"

"మేడమ్ ఇంటికి."

"వద్దు. ఇప్పుడే చెబితే నీ పరువు..."

"నాకు ఇంకా పరువుందా?" అంది పిచ్చుక. "నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. కానీ రా అమ్మా. ఒక్కదాన్నే అయితే మళ్లీ తల దించుకుంటానేమో."

మేడమ్ అప్పుడే ఇంటికి చేరి తాళం తీస్తోంది. ఇద్దర్నీ చూసి తెల్లబోయింది. పిచ్చుక మెట్ల కిందే నిలబడి చెప్పేసింది.

"మేడమ్, మా అమ్మ చనిపోలేదు. ఈవిడే మా అమ్మ. నాకు సిగ్గేసి ఆ రోజు ఊరుకున్నాను. అమ్మ నన్ను కాపాడటానికి పిన్నినన్నది."

మేడమ్ తల్లి వైపు తిరిగి చేతులు జోడించింది. "మీ ఇంటికొచ్చి మీ ముందే ఆ మాటన్నాను. క్షమించండి." పిచ్చుకతో మాత్రం కఠినంగానే అంది, "నీ వ్యాకరణంలో ఒక్క తప్పూ లేదు. నేను అడిగినప్పుడు దించావు చూడు తల, అక్కడుంది తప్పు. వార్షికోత్సవంలో నువ్వు చదవవు. రేపు క్లాసులో లేచి నిజం చెబుతావు."

"చెబుతాను మేడమ్."

"నవ్వుతారు."

"నవ్వనివ్వండి."

తిరిగొచ్చే దారిలో వీధి మలుపు దగ్గర బస్‌స్టాప్ బెంచీ ఉంటే తల్లి కూర్చుంది. "క్లాసంతా విన్నారు. నేను వినలేదు," అంది. "ఏం రాశావో చెప్పు."

పిచ్చుకకు అంతా నోటికి వచ్చు. మొదలుపెట్టింది. ఎల్ ఎతే. ఎల్ షాఁతే, అమ్మ పాడేది. ఒక్కో వాక్యానికీ తల్లి తల ఊపుతూ, పెదవులు కలిపే ప్రయత్నం చేస్తూ వింటోంది. సగంలో తోటి క్లాసు పిల్ల ఒకతె సైకిల్ మీద అటుగా వచ్చి ఆగింది. తల్లి చప్పున చీరకొంగుతో నోరు కప్పుకోబోయింది. పిచ్చుక ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఎవరే ఈవిడ?" అంది ఆ పిల్ల.

"మా అమ్మ."

"మీ అమ్మ... మరి..."

"అబద్ధమాడాను. రేపు అందరికీ చెబుతాను. నీకు ముందే తెలిసింది, అంతే."

ఆ పిల్ల నోరు తెరుచుకుని చూసి, సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిపోయింది. పిచ్చుక చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. అయినా తల ఎత్తే ఉంచింది.

జబ్బు చేసినప్పటి నుంచి అమ్మ కుడికన్ను సరిగా మూతపడదు, దానంతటదే కారుతుంటుంది. ఆమె ఏడుస్తోందో లేదో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. కూతురు మిగతా సగం చెప్పడం మొదలుపెట్టాక మాత్రం తెలిసింది. ఎడమకన్ను కూడా కారుతోంది.