ఏటి అవతలికి పంపిన మనిషి

ఒకప్పుడు చీకటి పడ్డాక థోర్న్ వాళ్ళ ఇంటి ముందు నుంచి మా ఊళ్ళో ఎవరూ నడిచేవాళ్ళు కాదు. తప్పనిసరై నడిచినా అటు తల తిప్పేవాళ్ళు కాదు.

అప్పటికి ముప్ఫై ఏళ్ళుగా ఖాళీ ఇల్లు. తలుపుకి తాళం. అయినా ఏటికి మంచు కట్టే రోజులు వచ్చాయంటే చాలు, మేడ మీది గదిలోంచి చప్పుడు... గర్... గర్... గర్... ఎవరో ఈక కలంతో గబగబా రాస్తున్నట్టు.

"కాప్టెనే. చచ్చినా ఇంకా ఆజ్ఞలు రాస్తూనే ఉన్నాడు" అనేవాళ్ళు.

ఈ సంగతి నాకు మా పెద్దమ్మ కెజయా చెప్పింది. అబద్ధమాడే మనిషి కాదు. అసలు మాట్లాడడమే తక్కువ.

మా బోస్టన్ సీమ ఇంకా ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉండి, ఫ్రెంచివాళ్ళతో యుద్ధం జరిగే రోజుల్లో, కాప్టెన్ థోర్న్ మా ఊరి కాపలా దళానికి పెద్ద. ఒక జనవరి రాత్రి శత్రువులు ఊరి మీద పడ్డారు. పదకొండు మంది చచ్చారు. ఊరి గేటు దగ్గర కాపలా ఉండాల్సిన మా ముత్తాత అసాహెల్ ప్రాట్ మాత్రం కనబడలేదు. బతికీ లేడు, శవమూ లేదు.

"పారిపోయాడు" అన్నాడు కాప్టెన్. ఆ ఒక్క మాట మా ఇంటికి డెబ్భై నాలుగేళ్ళు అంటుకుంది. బళ్ళో పెద్దమ్మని కూడా ఏడిపించేవాళ్ళట... "ప్రాట్‌ల పిల్లని తలుపు దగ్గర కూచోబెట్టకండ్రా, తీసిపెట్టి పోతుంది!"

ఆ డెబ్భై నాలుగో ఏడు మా తాతయ్య ఎబెనెజర్ మంచాన పడ్డాడు. అసాహెల్ కొడుకు ఆయనే. తండ్రి పోయేనాటికి నాలుగేళ్ళవాడు.

"అమ్మడూ, మా నాన్న పారిపోలేదే" అన్నాడు పెద్దమ్మ చెయ్యి పట్టుకుని. "ఇప్పుడే వస్తా అని చెప్పి వెళ్ళాడు. ఎవరో పంపారు. కాప్టెన్ ప్రతిదీ పుస్తకంలో రాసుకునేవాడట... ఒక్కసారి చూడవే."

కాప్టెన్ కాగితాలన్నీ ఆ ఖాళీ ఇంట్లో ఒక పెట్టెలో ఉన్నాయి. కాప్టెన్ కొడుకు, చర్చి పెద్ద అయిన డీకన్ జస్టస్‌ని పెద్దమ్మ రెండుసార్లు అడిగింది. ముసలాయన రెండుసార్లూ ముఖం తిప్పుకున్నాడు. పైగా తెల్లారితే ఆ పెట్టె బోస్టన్ వెళ్ళిపోతుంది, కాప్టెన్ గొప్పలు అచ్చు వేయించడానికి.

ఇక ఉన్నది ఆ రాత్రే.

పెదనాన్న సైలస్ మంచుబండి కట్టాడు. థోర్న్ వాళ్ళ ఇంటి గేటు దాకా వచ్చి ఆపేశాడు. "నేను గుర్రాన్ని చూసుకుంటా, నువ్వు వెళ్ళు."

"గుర్రానికేం భయం లేదు. నువ్వు పారిపోకుండా ఉంటే అంతే చాలు" అని పెద్దమ్మ లాంతరు తీసుకుని దిగింది.

వెనక తలుపు గడియ పుచ్చిపోయి ఉంది. భుజంతో నెడితే ఊడొచ్చింది. లోపల గోడలకి మంచు పేరుకుంది. ఊపిరి వదిలితే పొగ...

మొదటి మెట్టు. రెండో మెట్టు.

గర్... గర్...

వెనక్కి తిరుగుదామనుకుంది. మంచంలో ఉన్న తండ్రి ముఖం గుర్తొచ్చింది. లాంతరుని శాలువా కింద దాచి, మెట్ల కమ్మీ పట్టుకుని ఎక్కింది.

తలుపు కింద సన్నటి వెలుతురు గీత.

చప్పుడు ఆగింది.

... మళ్ళీ మొదలైంది.

పెద్దమ్మ కళ్ళు మూసుకుని, మనసులో దేవుణ్ణి తలుచుకుని, తలుపు తోసింది.

బల్ల ముందు ఎవరో వంగి కూచున్నారు. తెల్లటి జుట్టు. నల్లటి పొడుగు కోటు. కుడిచెయ్యి ఆడుతోంది... ఆగింది. తల మెల్లగా ఇటు తిరిగింది.

డీకన్ జస్టస్!

కిటికీకి కంబళి కట్టి ఉంది. చేతిలో కలం లేదు, చిన్న చాకు ఉంది. ముందు కాప్టెన్ ఆజ్ఞల పుస్తకం. ఒకే ఒక్క వరుస మీద గీకుతున్నాడు.

"ప్రతి ఏడూ గీకుతాను కెజయా" అన్నాడు గుసగుసగా. "పోయిందనుకుంటాను. మళ్ళీ చలి రాగానే పైకి తేలుతుంది."

"కాల్చేయలేకపోయారా, డీకన్ గారూ?"

"మా నాన్న చేతిరాతమ్మా. ఎలా కాల్చను?"

పెద్దమ్మ లాంతరు ముందుకి చాపింది. కాగితం ఉల్లిపొరలా అయిపోయింది. అక్షరాలు మాత్రం నల్లగా, నిన్న రాసినట్టు...

'అసాహెల్ ప్రాట్‌ని మందుగుండు కోసం ఏటి అవతలి మిల్లుకి పంపాను. గేటు దగ్గర బదులు మనిషిని పెట్టడం మరిచాను.'

డీకనే పుస్తకం మూసి ఆవిడ చేతిలో పెట్టాడు. "పట్టుకుపో. ఇంక నావల్ల కాదు."

ఆ ఆదివారం చర్చిలో అందరి ముందూ నిలబడి ఆ వరుస చదివిందీ ఆయనే. అది తర్వాతి మాట.

ఆ రాత్రి ఇద్దరూ కిందికి దిగి బయటికొచ్చేసరికి పెదనాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మీకంటే ముందు దిగినతను ఎవరు?"

"ఎవరు?"

"ఎవరో ఏంటే... ఇప్పుడే నా పక్కనుంచి పోయాడు. చొక్కా మీదే ఉన్నాడు, ఒంటి మీద కోటు కూడా లేదు. ఏటి వైపు పరిగెత్తాడు. పిలిచినా ఆగలేదు."

డీకన్ లాంతరు కిందికి దించాడు. కొత్త మంచు మీద అడుగులు... గుమ్మం నుంచి మొదలై, బండి పక్కగా, పల్లంలోకి.

ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ జాడ వెంట నడిచారు. ఒడ్డు దాటాక కూడా అడుగులు గడ్డకట్టిన ఏటి మీద సాగాయి. ఒడ్డున నిలబడి లాంతరెత్తి చూశారు. సరిగ్గా ఏటి మధ్య దాకా ఉన్నాయి.

ఆ తర్వాత లేవు.

అవతలి ఒడ్డున పాత మిల్లు గోడలు. డీకన్ టోపీ తీసి, మంచులో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

పెద్దమ్మ ఇంటికెళ్ళి తాతయ్యకి ఆ వరుస చదివి వినిపించింది. అంతే. పెదనాన్న చూసిన మనిషి సంగతి ఎత్తలేదు. పోయే ప్రాణాన్ని భయపెట్టడం ఎందుకని.

తాతయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. పెదవులు కదిలాయి. పెద్దమ్మ చెవి దగ్గర పెట్టింది.

"ఆ రాత్రి నేను వణుకుతుంటే... తన కోటు విప్పి నాకు కప్పి వెళ్ళాడమ్మా."