మొదటి పేజీ గారికి కట్టిన చీటీ

"మిమ్మల్ని మొదటి పేజీకి తీసుకొస్తాను."

గడప దాటిన ఆ యువకుడు పలికిన తొలి వాక్యం అది. నమస్కారం ఆ తరువాత వచ్చింది. దానితోపాటు వాననీళ్ళూ లోపలికి వచ్చాయి. చేతిలోని ల్యాప్‌టాప్‌ను పసిబిడ్డలా గుండెకు హత్తుకొని, దానిమీద చినుకు పడనీయక, తాను మాత్రం నిలువెల్లా తడిసి నిలబడ్డాడు.

కౌంటరు వెనుక, బల్లపై పడుకోబెట్టిన కుట్టుమిషను కడుపులోంచి చిక్కుదారాన్ని పట్టకారుతో లాగుతున్న మెకానిక్ గారి కూతురు ఓరకంట చూసిందే గాని తల ఎత్తలేదు.

"పేపర్లోనా? మేమేం దొంగతనం చేశామండీ?"

"పేపర్లో కాదండీ, సెర్చ్‌లో. ఎవరైనా ఫోన్లో వెతికితే మొదటి పేజీలో మీ షాపే కనిపించాలి. దానికి టార్గెట్ కీవర్డ్స్ అని ఉంటాయి. అవి సెలెక్ట్ చేసుకుని..."

"ముందు ఆ పాపాయిని పక్కన పెట్టి ఒళ్ళు తుడుచుకోండి. కింద నూనె ఉంది. జారితే మొదటి పేజీకి కాదు, ఆస్పత్రికి వెళ్తారు."

అప్పుడు తల ఎత్తింది. ఆ చూపులో కుతూహలం ఏమాత్రం లేదు. తుప్పుపట్టిన భాగాన్ని రుద్ది వాడుకోవాలా, పారవేయాలా అని తేల్చుకునేటప్పుడు ఆమె చూసే చూపు అది. లోపలి గదిలో గౌను కుడుతున్న వదిన ఆ చూపును గమనించి కిసుక్కున నవ్వింది. ఈ మనిషిని పిలిపించినది ఆమే.

పిలిపించక తప్పలేదు. ముప్పై రెండేళ్ళుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్న దుకాణం అది. అయితే కొంతకాలంగా మిషను మొరాయిస్తే జనం వీధిలోకి చూడటం మాని ఫోనులోకి చూడటం నేర్చుకున్నారు. పక్కనే ఫోన్లకు తొడుగులు అమ్మే ఆసామి ఈ గదిని కూడా కలిపేసుకుంటానని ఇంటి యజమాని చెవిలో వేశాడు. "వానలు వెలిసేలోగా మన ఫోను మునుపటిలా మోగితే సరే. లేకపోతే షట్టరు దించేద్దాం," అని మెకానిక్ గారు తేల్చి చెప్పారు. ఆయనకు అది విశ్రాంతి. కూతురికి మాత్రం ఆ దుకాణం ప్రాణంలో సగం. ఈ పనిలో ఆమెకున్న నేర్పు తనకు లేదని తండ్రి ఒకసారి ఒప్పుకున్నాడు కూడా, అదీ ఆమె వినకుండా.

ఇక ఆ యువకుడి వృత్తి సంగతి. మనుషులు ఏ మాటను ఎన్నిసార్లు వెతుకుతున్నారో తెలుసుకొని, ఆ మాటను పేజీలో దట్టించి, ముందు యంత్రాన్ని మెప్పించి, ఆపైన యంత్రం ద్వారా మనుషులను రప్పించడం. పూర్వం తిన్నగా మనుషులనే మెప్పించేవారు. అది కష్టమని తోచి ఈ చుట్టుదారి కనిపెట్టినట్లున్నారని ఆమె అభిప్రాయం. దానిని ఖండించగల ఆధారమేదీ మొదటి రెండు వారాలలో లభించలేదు.

మూడవ రోజున అతడు రాసి తెచ్చిన పేజీని ఆమె నిలబడి, గొంతు సవరించుకొని, పైకి చదివింది.

"'ఉత్తమ కుట్టుమిషన్ కోసం చూస్తున్నారా? మా కుట్టుమిషన్ షాపులో కుట్టుమిషన్ నిపుణులు మీ కుట్టుమిషన్‌ను...' ఏమండీ, దీన్ని మనిషే రాశాడా?"

"నేనే రాశాను."

"అదే అడుగుతున్నా."

లోపల వదిన మిషను ఠక్కున ఆగింది.

"ఒక్క పేజీలో ఆ మాట పదిహేడుసార్లు! మీకు దాహమేస్తే ఏమంటారు? 'ఉత్తమ మంచినీళ్ళ కోసం చూస్తున్నాను, మంచినీళ్ళ నిపుణులు ఎవరైనా మంచినీళ్ళు ఇస్తారా' అంటారా?"

"అది కాదండీ. 'కుట్టుమిషన్' అనే మాటకి సెర్చ్ వాల్యూమ్ చాలా ఎక్కువ. నెలకి వేలమంది వెతుకుతారు."

"బస్టాండులో అరిచేవాడి గొంతు కూడా వేలమంది వింటారు. ఎంతమంది ఆగుతారు?"

"మొదటి పేజీకి వచ్చాక మీరే చూస్తారుగా!"

"సరే, మొదటి పేజీ గారూ. మీ ముచ్చట ఎందుకు కాదనాలి? పెట్టండి."

ఆ రోజుతో అతనికి ఆ పేరు స్థిరపడింది.

పేజీ మొదటి పేజీకి రాలేదు. ఆరవ పేజీ దాకా వెళ్ళి అక్కడ చతికిలబడింది. అక్కడిదాకా ఓపికగా తవ్వుకుంటూ వచ్చినవారు మాత్రం ఫోను చేశారు. కొత్త మిషను మీద ఆఫర్ ఉందా అని ఒకరు, చంటిపిల్ల ఆడుకునే మిషను ఉందా అని మరొకరు. బడిలో మిషను బొమ్మ గీయమన్నారు, మీ దగ్గర ఫొటో ఉందా ఆంటీ అని ఒక విద్యార్థిని.

'ఆంటీ' దగ్గర ఆమె ఓర్పు తెగింది. ఫోను తీసుకెళ్ళి అతని ఒడిలో పడేసింది.

"మీ చుట్టాలు. మీరే మాట్లాడండి."

సాయంత్రం దాకా అతడు మాట్లాడాడు. దీపాలు వెలిగించే వేళకు చెవులు ఎర్రబడ్డాయి. ఫోను వల్ల కొంత, సిగ్గు వల్ల కొంత.

"తప్పు నాదేనండీ," అన్నాడు. "ఆ మాట వెతికేవాళ్ళకి అసలు మిషనే లేదు. మనకి కావాల్సింది ఉన్న మిషను పాడైనవాళ్ళు."

"శభాష్! ఇది తెలుసుకోవడానికి రెండు వారాలా?"

"కంప్యూటర్ మూసేశాక ఒక్కపూటే పట్టిందండీ."

ఆమె లేచి వెళ్ళి, గోడవారనున్న పెద్ద సొరుగును విసురుగా లాగింది.

"మీరు వెతికే మాటలు ఇందులో ఉన్నాయి. చదవడం వచ్చుగా?"

సొరుగు నిండా చీటీలు. మెకానిక్ గారిది ఒక పద్ధతి. బాగుకు వచ్చిన ప్రతి మిషనుకు ఒక చీటీ కడతారు. దానిమీద జబ్బు పేరు రాయరు. యజమాని ఏమని మొత్తుకున్నాడో, అక్షరం మార్చకుండా అదే రాస్తారు. కింద డెలివరీ తేదీ వేస్తారు. "జబ్బుకి మనం పేరు పెట్టేస్తే ఇక వినడం మానేస్తాం," అన్నది ఆయన వాదన. మిషను ఇంటికి పోతుంది, చీటీ సొరుగులోకి చేరుతుంది.

అతడు ఒక్కొక్కటే తీసి చదివాడు.

'పైన ముత్యాల్లా పడుతోంది, కింద కాకిగూడు కడుతోంది.'

'నాలుగు కుట్లు కుడుతుంది, ఐదోది ఎగ్గొడుతుంది.'

'బిగుసుకుంటే మా అత్తగారు వంటనూనె పోయమన్నారు. పోశాను. ఇంకా బిగుసుకుంది.'

'మా ఆయన బాగుచేశాడు. అప్పట్నుంచీ తిరగట్లేదు.'

"ఇవన్నీ కీవర్డ్సేనండీ!" అని దాదాపు కేక వేశాడు.

"కావు. మనుషుల మాటలు."

"నేనూ అదే అంటున్నాను!"

"మీరు అదే అనలేదు. మొన్న ఇంకేదో పదిహేడుసార్లు అన్నారు."

ఆ మరునాటి నుంచి అతడు సొరుగు పక్కన ముక్కాలి పీట వేసుకొని స్థిరపడ్డాడు. ఒక్కొక్క ఫిర్యాదుకు ఒక్కొక్క పేజీ. పైన ఆ ఫిర్యాదు ఉన్నదున్నట్లు ఒక్కసారి, కింద ఆమె చెప్పే చిట్కా.

"కాకిగూడు కడితే పై దారం సరిగా ఎక్కలేదన్నమాట," అని ఆమె చెప్పేది, చేతిలో పని ఆపకుండా. "మిషను పాదం పైకెత్తి దారం మళ్ళీ మొదట్నుంచి ఎక్కించండి. అప్పటికీ కడితే తీసుకురండి."

"చిట్కా ఇలా ఫ్రీగా చెప్పేస్తే షాపుకి ఎవరొస్తారండీ?"

"చెప్పినా చేసుకోలేనివాళ్ళు. అటువంటివాళ్ళకి లోటు లేదు. ఒకరు నా ఎదురుగానే కూర్చున్నారు."

వాన జోరందుకున్నప్పుడల్లా ఆమె పని ఆపి కిటికీ దగ్గర నిలబడేది. అతడు వానను చూడకుండా, వానను చూస్తున్న ఆమెను చూసేవాడు. ఈ సంగతి ఆమె గ్రహించలేదని అతని ధీమా. తడిసిన కిటికీ అద్దంలో పీట, పీటమీది మనిషి ఎంత స్పష్టంగా కనిపిస్తారో అతనికి ఎవరూ చెప్పలేదు.

పది రోజులకు ఫోను మోగింది. అవతల ఒక పెద్దావిడ.

"అమ్మాయ్, కాకిగూడు కడుతోందని ఫోన్లో కొట్టానే! మీ దగ్గర నా మాటే రాసి ఉందేమిటి? మా ఇంట్లో వింటున్నారా?"

అది మొదలు ఫోను ఊరుకోలేదు. మెకానిక్ గారు కూతురి కోసం రెండవ బల్ల వేయించారు.

చివరగా అతడు ప్రతి పేజీ నెత్తిన ఒక చిన్న పెట్టె అమర్చాడు. 'మీ మిషను బాధ మీ మాటల్లో రాయండి' అని ఉంటుంది. సరిపోయే పేజీ ఉంటే వస్తుంది, లేకుంటే 'దొరకలేదు' అని వస్తుంది. దొరకనివాటికి మళ్ళీ కొత్త పేజీలు రాయాలని అతని ఉద్దేశం. అందులో రాసినదంతా ఎక్కడికి పోతుందని ఆమె అడగలేదు. అడగవలసిన ప్రశ్న అదొక్కటే.

పెట్టె పనిచేస్తోందో లేదో పరీక్షించే నెపంతో ఆ సాయంత్రమే తన ఫోనులో రాసింది: 'మొదటి పేజీ గారి వాగుడు ఆపడం ఎలా?'

దొరకలేదు.

ప్రాణానికి హాయిగా అనిపించింది. మరునాడు: 'టీ తాగేటప్పుడు కూడా కీవర్డ్ కీవర్డ్ అనే మనిషికి మందు.' ఆ మరునాడు: 'ఈయనకి ఆ నీలం చొక్కా ఒక్కటే ఉందా?'

దొరకలేదు. దొరకలేదు.

చిత్రంగా, తరువాత అతడు టీ వేళ నోరు విప్పలేదు. నీలం చొక్కా మాయమై తెల్లచొక్కా వచ్చింది. తన చూపుల పదును పనిచేసిందని ఆమె గర్వపడింది.

పని ముగిసింది. అతడు రావడం మానేశాడు. మానేస్తాడని ఆమెకు తెలుసు, మానేయాలని ఆమే వంద విధాల కోరింది. అయినా పీటను ఎవరూ సొరుగు పక్కనుంచి తీయలేదు. తీయబోయిన వదినపై ఆమె అకారణంగా విరుచుకుపడింది.

"ఏమ్మా మరదలా, పీటకి కూడా చీటీ కట్టమంటావా?" అని వదిన మూతి తిప్పింది.

ఆరవ రోజున, ఇటూ అటూ చూసి, పెట్టెలో రాసింది: 'మొదటి పేజీ ఎందుకు రావట్లేదు?'

దొరకలేదు.

'అలిగాడా?'

దొరకలేదు.

ఒకటో తారీఖు ఉదయం మెకానిక్ గారి ఫోనుకు ఒక నివేదిక వచ్చింది. నెలనెలా తనంతట తానే వెళ్ళేలా దానిని అమర్చినది మొదటి పేజీ. అమర్చిన సంగతి మరిచిపోయినవాడూ అతడే. మెకానిక్ గారు కళ్ళజోడు తగిలించుకొని, కోడలికి, కూతురికి వినబడేలా చదవసాగారు.

"జనం వెతికినవి. కాకిగూడు, నూట పన్నెండు సార్లు. కుట్టు ఎగ్గొట్టడం, తొంభై. బాగుంది. ఆ తొడుగులవాడి కోసం గది వదిలేది లేదని నిన్ననే చెప్పేశాలే. ఇక, వెతికినా దొరకనివి. 'మొదటి పేజీ గారి వాగుడు ఆపడం ఎలా?'"

కూతురి చేతిలోని పట్టకారు జారి మిషను లోపల పడింది.

"నాన్నా, ఇలా ఇవ్వు."

"ఉండు తల్లీ, ఇంకా ఉంది. 'ఈయనకి ఆ నీలం చొక్కా...' ఎవరి మిషనమ్మా ఇది, చొక్కా వేసుకుంటుందా?"

వదిన గౌనులో ముఖం దాచుకుంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ధన్‌మని చప్పుడైంది. మొదటి పేజీ గొడుగు లేకుండా, ల్యాప్‌టాప్ కూడా లేకుండా, పరుగున వచ్చి ఆగాడు.

"సర్! ఆ రిపోర్ట్ చదవకండి!"

"'అలిగాడా?'" అని మెకానిక్ గారు ఆఖరిది కూడా చదివి, కళ్ళజోడు మీదుగా చూశారు.

ఆమె ముఖం ఎర్రబడింది. సిగ్గును కోపంలోకి మార్చుకోవడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు.

"నేను రాసినవన్నీ దొంగచాటుగా చదివారన్నమాట!"

"పెట్టె పెట్టిందే చదవడానికండీ. మీకు చెప్పకపోవడం మాత్రం తప్పే. పని అయిపోయాక చూడటం మర్యాద కాదని మానేశాను. ఆ చివరి రెండూ ఈ పొద్దున నాకూ వచ్చిన రిపోర్ట్‌లోనే చూశాను. చూసి పరుగెత్తుకొచ్చాను."

"నీలం చొక్కా?"

"ఆ రోజు నుంచీ బీరువాలోనే ఉందండీ."

మెకానిక్ గారు ఫోను పక్కన పెట్టారు. "దొరకనివాటికి పేజీ రాస్తానన్నావు కదా నాయనా. వీటికి రాశావా?"

"రాశానండీ. పైకి పెట్టలేదు. వెతికేది ఒక్కరే. అటువంటి కీవర్డ్‌కి మా లెక్కలో విలువ ఉండదు."

"నీ లెక్కలో?"

"నా లెక్కలో విలువంతా దానికేనండీ. ముందు చూసుకుంది నాకు పోటీ ఎవరైనా ఉన్నారా అనే."

మెకానిక్ గారు ఒక కొత్త చీటీ తీశారు. పెన్ను విదిలించారు.

"ఆ పీటమీద కూర్చో. బాధేమిటో చెప్పు. నీ మాటల్లో."

"సర్, మా ఇద్దరి కంపాటిబిలిటీ గురించి నేను చాలా సీరియస్‌గా..."

"అది ఆఫీసు మాట. రాయను."

"మీ అమ్మాయంటే నాకు ప్రాణం..."

"అది ఎవరో రాసిచ్చిన మాట. రాయను."

బయట వాన పల్చబడింది. అతడు ఆమెనే చూస్తూ మెల్లగా అన్నాడు.

"మీ అమ్మాయి తిట్టని రోజు నాకు పొద్దుపోవట్లేదండీ."

మెకానిక్ గారు అక్షరం మార్చకుండా రాసుకున్నారు. చీటీని కూతురి బల్లమీదికి జరిపారు.

"తల్లీ, ఇది నావల్ల అయ్యే రిపేరు కాదు. నీకు ఇష్టమైతే పనిలోకి తీసుకో. లేకపోతే ఇప్పుడే పంపించెయ్. నేనేమీ అనుకోను."

తుప్పుపట్టిన భాగాన్ని చూసే ఆ పాత చూపుతోనే ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"చేతనైన పని ఒక్కటీ లేదు," అంది. "తడవకుండా నడవడం కూడా రాదు."

అలా అంటూనే డెలివరీ తేదీ వేయవలసిన చోట ఏదో రాసింది. లేచి వెళ్ళి, చీటీ దారాన్ని అతని తడి చొక్కా గుండీకి రెండు ముడులు వేసి కట్టింది. రెండవ ముడి అవసరం లేదని వదిన తరువాత చాలాకాలం అంటూనే ఉంది.

అతడు తల వంచి చదువుకున్నాడు.

'తిరిగి ఇవ్వబడదు.'

దానిని అతడు పదిహేడుసార్లు చదివాడు. ఆమె లెక్కపెట్టింది.